ఊపిరి జమాఖర్చులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఛాందోగ్యోపనిషత్తునందు ఒక వివాదకథ గలదు. వాక్కు, నేత్రము, శ్రోత్రము, మనస్సు, ప్రాణము అను నైదును తమలో ఎవరు గొప్ప యని తగవులాడి ప్రజాపతి కడకు పోయినవి. ఎవరు వెడలిపోయినచో శరీరము మిక్కిలి దుస్థితి నొందునో వారే శ్రేష్ఠులని ఆయన తీర్పు చెప్పెను. ఒక్కొక్కటియు ఒక్కొక్క సంవత్సరము వెలుపల నుండి తిరిగి వచ్చెను. దేహము మూగయై బ్రతికెను, గ్రుడ్డియై బ్రతికెను, చెవిటియై బ్రతికెను, మనోవ్యాపారము లేకయు పసిబిడ్డవలె బ్రతికెను. తుదకు ప్రాణము బయలుదేరబోవగానే తక్కినవన్నియు దానితో కూడ పెకలిపోసాగెను. అప్పుడవి ప్రాణమునకు తలవంచినవి.

ప్రాణము యొక్క శ్రేష్ఠతను పూర్వులు ఇట్లు అనుభవముచే నెఱింగిరి. కాని పీల్చిన గాలి దేహములో ఏ చోట, ఏ పనికి, ఎంత ఖర్చగుచున్నది యను ప్రశ్నకు జవాబు దొరకుటకు పదునెనిమిదవ శతాబ్దము మొదలు ఎందఱో పరిశోధకుల శ్రమ కావలసివచ్చెను. ఆ జవాబంతయు ఉపనిషత్తులోనే యున్నదని చెప్పుట పెద్దలకు గౌరవమును గాదు, సత్యమును గాదు. ఈ విషయము పండితుల వినోదమునకు మాత్రమే యనుకొనుటయు పొరపాటే. జొన్నపాతరలోనికి దిగు కూలివానికి, పాడునూతిలో పూడిక తీయువానికి, మురుగుతొట్టి మూత యెత్తువానికి దీని తెలివిడి లేకపోవుట ప్రాణాంతకమగుచున్నది. కావున ఊపిరి యొక్క జమాఖర్చులను మొదటినుండి పరిశీలింపవలసియున్నది.

ఊపిరి యనగా ముక్కుతో గాలి పీల్చి విడుచుట యని లోకవాడుక. అది కేవలము రవాణా. బండి ధాన్యమును ఇంటికి చేర్చును గాని వంట చేయదు. ఊపిరితిత్తులును అట్లే గాలిని నెత్తుటికి అందించునవి మాత్రమే. అసలు పని దేహమందలి ప్రతి జీవకణములోను జరుగుచున్నది. ఈ సంగతి మొదట ఎవరికిని తెలియదు. ఫ్రాన్సు దేశమున లవోయిజే, లాప్లాసు అను శాస్త్రజ్ఞులు 1783 ప్రాంతమున ఒక గినీపందిని మంచుగడ్డలు చుట్టిన పాత్రలో నుంచి, దాని వేడికి ఎంత మంచు కరగినదో కొలిచిరి. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును కూడ కొలిచిరి. అంతే బొగ్గుపులుసు వాయువు నిచ్చునట్లు బొగ్గును కాల్చి చూడగా, కరగిన మంచు ఇంచుమించు సమానముగా నుండెను. శ్వాస యనగా మెల్లగా జరుగు దహనమే యని తేలినది. ఆ దహనము ఊపిరితిత్తులలో జరుగునని లవోయిజే తలచెను. అది కణములలో జరుగునని పందొమ్మిదవ శతాబ్దపు పరిశోధకులు స్థాపించిరి.

ఈ దహనమునకు లెక్క యున్నది. తిన్న అన్నము, జొన్నసంకటి, రాగిముద్ద యన్నియు జీర్ణమై ముఖ్యముగా గ్లూకోజు అను చక్కెరగా మారి నెత్తుటిలో చేరును. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా ఖర్చగుటకు 192 గ్రాముల ప్రాణవాయువు కావలెను. దానినుండి 264 గ్రాముల బొగ్గుపులుసు వాయువును, 108 గ్రాముల నీరును పుట్టును. జమ 372, ఖర్చు 372. చిల్లిగవ్వ తేడా లేదు. పదార్థములో ఏమియు పోలేదు గాని, అందు దాగియున్న శక్తి సుమారు 686 కిలోకేలరీలు విడుదలయగును. అంత శక్తియు ఒక్కసారి వెలువడినచో కణము గడ్డివామివలె తగలబడిపోవలసినదే. కణము అట్లు చేయదు. అనేకములైన చిన్న మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఎంజైమును కావలి పెట్టి, శక్తిని కొలది కొలదిగా తీసికొనును.

తీసికొన్న శక్తిని కణము నాణెముగా మార్చుకొనును. ఆ నాణెము పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, క్లుప్తముగా ఏ.టి.పి. గాదెలో ధాన్యమెంత యున్నను అంగడిలో ఉప్పు కొనుటకు చిల్లర కావలెను గదా. కండ ముడుచుకొనుటకు, నరము వార్త పంపుటకు, క్రొత్త కణము నిర్మించుటకు చెల్లునది ఈ చిల్లర యొక్కటే. మనుష్యదేహమున ఏ క్షణమందైనను ఇది రెండుమూడు వందల గ్రాములకు మించి యుండదు. అయినను ఖర్చగుచు మరల తయారగుచు దినమునకు చేతులు మారు మొత్తము పదుల కిలోలుండును.

ఈ నాణెమును లోకమునకు చూపినవారిలో ఒక తెలుగువాడు గలడు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి, బోస్టను నగరమందలి హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేసెను. 1925లో వారిరువురును నెత్తుటిలోను, మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ కొలతయే దీపముగా 1927లో కండలోని ఫాస్ఫోక్రియేటినును, 1929లో ఏ.టి.పి.ని కనుగొనిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే 1929లో ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. సుబ్బారావు మరల స్వదేశమునకు రాకయే 1948లో న్యూయార్కున కాలధర్మము నొందెను. ఈనాడు ప్రపంచమున జీవశాస్త్రము చదువు ప్రతి బాలుడును భీమవరమున పుట్టినవాని పరిశోధనాఫలమునే చదువుచున్నాడు.

ఇక నాణెములు ముద్రింపబడు విధము చూడవలెను. మొదటి అంకమున కణద్రవమునందు గ్లూకోజు రెండు ముక్కలగును. దీనికి గాలితో పని లేదు. నికరలాభము రెండు ఏ.టి.పి.లు. గాలి అందుచున్న యెడల ఆ ముక్కలు మైటోకాండ్రియా అను సూక్ష్మ కోశములలో ప్రవేశించును. అచ్చట అవి ఒక చక్రములో పడి తిరుగుచు బొగ్గుపులుసు వాయువుగా విడిపోవును. ఈ చక్రమును 1937లో కనుగొన్న హాన్స్ క్రెబ్స్ జర్మనీలో యూదుడను కారణమున 1933లో ఉద్యోగము కోల్పోయి ఇంగ్లండునకు శరణార్థిగా వచ్చినవాడు. పావురపు ఱొమ్ముకండతో షెఫీల్డు నగరమున ప్రయోగములు చేసి, వ్యాసమును ఒక ప్రసిద్ధ పత్రికకు పంపగా, చోటు లేదని తిరిగివచ్చెను. 1953లో ఆయనకు నోబెలు బహుమతి లభించినది.

చక్రములో విడివడిన ఎలక్ట్రానులు మైటోకాండ్రియా లోపొరలో ఒకదానినుండి మరియొకదానికి చేతులు మారుచు దిగును. ఆ దిగుటలోని బలముచే హైడ్రోజను అయానులు పొరకు ఒకవైపున పోగుపడును. ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్లు అవి నిలిచి, ఒక సన్నని ద్వారమున మరల లోనికి దూకును. ఆ ద్వారమున ఒక యంత్రము నిజముగా గిఱగిఱ తిరుగుచు ఏ.టి.పి.ని తయారుచేయును. జలవిద్యుత్కేంద్రమున చక్రము తిరుగుట వంటిదే యిది. ఈ సిద్ధాంతమును 1961లో పీటర్ మిచెల్ చెప్పినప్పుడు అనేకులు నమ్మలేదు. 1978లో నోబెలు బహుమతి ఆయనను వెదకికొనుచు వచ్చెను. పీల్చిన ప్రాణవాయువునకు ఈ వ్యవహారమంతటిలో గల పని ఒక్కటే: దిగివచ్చిన ఎలక్ట్రానులను తుదకు తాను స్వీకరించి నీరుగా మారుట. కాలువ చివర నీరు పోవు దారి మూసినచో పైనున్న చక్రములన్నియు ఆగును. ప్రాణవాయువు లేనప్పుడు కణమున జరుగునది సరిగా ఇదియే.

అయితే గాలి లేనిచోట బ్రతుకే లేదా? కలదు. 1861లో లూయీ పాశ్చరు గాలి సోకినచో చచ్చి, గాలి లేకున్న వర్ధిల్లు సూక్ష్మజీవులను కనుగొని, పులియుట యనగా వాయువు లేని జీవనమే యని నిరూపించెను. గాలి యందని ఈస్టు తన పెరుగుదలకు ఎంతయో యెక్కువ చక్కెరను ఖర్చు చేయుచున్నదనియు ఆయన గమనించెను. 1897లో ఎడ్వర్డు బుక్నరు ఈస్టును ఇసుకతో నూఱి, పిండి, ఆ రసములో చక్కెర కలుపగా అది బుడగలెత్తెను. బ్రతికిన కణము లేకున్నను దాని ఎంజైములు పనిచేయునని తేలి, 1907లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చెను.

ఈ అవాయు శ్వాసక్రియ ప్రతి యింటను జరుగుచునే యున్నది. కాచి చల్లార్చిన పాలలో తోడు వేయగా సూక్ష్మజీవులు పాలచక్కెరను లాక్టికామ్లముగా మార్చును. పాలు తోడుకొని పెరుగగును. ఇడ్లీపిండిలో వేఱు సూక్ష్మజీవులు ఆమ్లముతోబాటు బొగ్గుపులుసు వాయువును కూడ పుట్టించును. అందుచే తెల్లవారుసరికి పిండి పొంగును. తాటికల్లులో ఈస్టు చక్కెరను మద్యసారముగా మార్చును. ఈస్టు చేతిలో 180 గ్రాముల గ్లూకోజునుండి 92 గ్రాముల మద్యసారము, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. ఇచ్చటను తూనిక సరిపోయినది. కాని శక్తిలెక్క చూచినప్పుడే తేడా తెలియును.

గాలితో నడచిన సంసారమున ఒక గ్లూకోజు అణువునకు సుమారు 30 నుండి 32 ఏ.టి.పి.లు లభించును. పాత పుస్తకములలో 36 లేక 38 అని యుండును. తరువాతి కొలతలు దానిని తగ్గించినవి. గాలిలేని సంసారమున లభించునవి రెండే. చక్కెరలోని శక్తిలో నూటికి తొంబదియైదు పాళ్లు మద్యసారములోనే చిక్కుకొని యుండిపోవును. సారాదీపము వెలుగుట ఆ మిగిలిన శక్తిచేతనే. వరిచేను కోసి ఒక కంకి తెచ్చుకొని తక్కినది కళ్లములో వదలివచ్చిన రైతువంటిది గాలిలేని కణము. ఏమియు లేకుండుటకంటె అది మేలే. కాని దానితో పెద్ద కుటుంబము నడవదు.

మనుష్యదేహమును అప్పుడప్పుడు ఈ దారి త్రొక్కును. కబడ్డీలో కూతకు వెళ్లినవానికి గడువు ముప్పది సెకండ్లు. మొదటి కొలది సెకండ్లు కండ తనలోని ఏ.టి.పి.తోను, సుబ్బారావు కనుగొన్న ఫాస్ఫోక్రియేటినుతోను నడచును. ఇది రొంటిన దోపుకొన్న పైకము వంటిది. పది సెకండ్ల ప్రాంతమున అది అడుగంటును. గుండె, ఊపిరితిత్తులు వేగము పుంజుకొని కావలసినంత ప్రాణవాయువును తెచ్చులోపల కండ గ్లూకోజును లాక్టికామ్లముగా మార్చి పని జరుపుకొనును. కూత ముగిసి వచ్చినవాడు కొంతసేపు రొప్పుట ఏలయనగా, చేసిన అప్పు తీర్చుటకు. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఏ.వి. హిల్ దీనికి ప్రాణవాయు ఋణము అని అర్థమిచ్చు పేరే పెట్టెను. పుట్టిన ఆమ్లములో కొంత గుండెయు, ఇతర కండలును ఇంధనముగా వాడుకొనును. కొంత కాలేయమునకు పోయి మరల గ్లూకోజగును. ఒక గ్లూకోజును విఱిచి కండ పొందినవి రెండు ఏ.టి.పి.లు, దానిని మరల కట్టుటకు కాలేయము పెట్టునవి ఆఱు. ఇంత వడ్డీ యే షావుకారును పుచ్చుకొనడు. మఱునాటి ఒళ్లునొప్పులకు ఈ ఆమ్లమే కారణమని చాలకాలము తలచిరి గాని అది సరికాదు. ఆమ్లము గంటలోపలనే తగ్గిపోవును. నొప్పి అలవాటులేని శ్రమచే కండపోగులు నలగుటవలన కలుగునది.

దేహములో ఒక విచిత్రమైన కొలువు గలదు. ప్రాణవాయువును మోయు ఎఱ్ఱ రక్తకణములందు మైటోకాండ్రియా లేవు. అవి మోయుచున్న ప్రాణవాయువులో తమ శక్తికై ఇసుమంతయు వాడుకొనక, కేవలము అవాయు మార్గమున వచ్చు స్వల్పాదాయముతో కాలము గడుపును. ఖజానా మోయువాడు అందలి రూక ముట్టనట్లుండుట నేర్వదలచినవారు ఆ కణమును చూడవలెను. ఇందుకు విరుద్ధముగా మెదడు దేహభారములో నూటికి రెండుపాళ్లే యయ్యును, విశ్రాంతివేళ ప్రాణవాయువులో ఇరువది పాళ్లు తానే ఖర్చుచేయును. దానికి నిల్వ లేదు, అప్పు పుట్టదు. నాలుగైదు నిమిషములు ప్రాణవాయువు అందనిచో మెదడు చెడుట ప్రారంభమగును.

మొక్కలును ఊపిరి తీయును. పగలు ఆకు తయారుచేసిన చక్కెరను రాత్రింబవళ్లు ప్రతి కణమును ఖర్చుచేయును. వేరునకును గాలి కావలెను. అందుచేతనే జొన్నచేనిలో నీరు నిలిచినచో పైరు పండుబాఱును. వరికి మాత్రము ఉపాయములు గలవు. నీట మునిగి గాలి యందని వరిగింజ, ఈస్టువలె మద్యసారము పుట్టించు మార్గమున శక్తి పొంది, వేరును ఆపి, మొలకను మాత్రము పైకి సాగదీయును. ఎదిగిన వరి కాండమునందును, వేళ్లయందును గాలిసందులు గలవు. తామరతూడులోని రంధ్రములవలెనే అవి గాలిని బురదలోనికి దింపును. వడ్లు నానవేసి మండె కట్టిన రైతు చేయి పెట్టి చూచినచో వెచ్చగా నుండును. ఆ వేడి మొలక యొక్క శ్వాసది. పొరలు తిరుగవేసి నీరు చల్లనిచో ఆ వేడికే మొలక చెడును.

నిల్వధాన్యము చచ్చినది గాదు, నిద్రించునది. బాగుగా ఎండిన గింజ ఊపిరి అత్యల్పము. తడి యున్నచో గింజయు, దానిపై పెరుగు బూజును, పురుగును అన్నియు జోరుగా ఊపిరి తీయును. దానిచే వేడి పుట్టును, నీరు పుట్టును. ఆ నీటిచే ఊపిరి మరింత హెచ్చును. ధాన్యపురాశి ఉడికినట్లగుటకు ఇదియే కారణము. తడి నూటికి 12 నుండి 14 పాళ్లకు తగ్గువఱకు ఎండబెట్టవలెననుటలోని రహస్యము గింజను నిద్రపుచ్చుటయే.

ఇప్పుడు అసలు విషయము వచ్చినది. నేలలో త్రవ్వి మూత వేసిన పాతరలో నెలల తరబడి గింజయు, బూజును, పురుగును పీల్చి విడువగా ఏమగును? వెలుపలి గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు, 0.04 పాలు మాత్రమే బొగ్గుపులుసు వాయువు ఉండును. పాతరలో మొదటిది తఱుగును, రెండవది పెరుగును. బొగ్గుపులుసు వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు గనుక అడుగున నిలిచిపోవును. దానికి రంగు లేదు, కనబడదు. పురుగును చంపి ధాన్యమును కాపాడు ఆ గాలియే దిగిన మనుష్యుని చంపును. ప్రాణవాయువు పది పాళ్లకు దిగినచో స్పృహ తప్పును. ఆఱు పాళ్లకు దిగినచో నిమిషములోపలనే కూలును. ఊపిరాడలేదని గ్రహించి మరలివచ్చుటకు వ్యవధి యుండదు. అంతకు ముందే కాళ్లు చచ్చుబడును. పైనున్న అన్న తమ్ముడు పడిపోయెనని చూచి దిగును. అతడును పడును. పొరుగువాడు దిగును. ఒక్క పాతర మూడు ఇండ్ల దీపములార్పుట ఇట్లే. వారిలో ఎవడును పిఱికివాడు కాడు. ఊపిరి లెక్క యొక్కటియే వారికి తెలియదు.

మురుగుతొట్టి దీనికంటె క్రూరమైనది. బురదలోని కొన్ని సూక్ష్మజీవులు ప్రాణవాయువునకు బదులు గంధక లవణములనుపయోగించి ఊపిరి తీయును. అవి విడుచునది కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు. అది దేహములో చేరి, ప్రాణవాయువు ఎలక్ట్రానులను స్వీకరించు తుది ద్వారమును మూసివేయును. సయనైడు చేయు పనియు ఇదియే. నెత్తుటిలో ప్రాణవాయువున్నను కణము దానిని వాడుకొనలేదు. ఆ వాయువు ఎక్కువైనచో ముక్కు వాసన పట్టు శక్తిని కోల్పోవును. వాసన పోయినదని సంతసించినవాడు మృత్యుముఖమున నున్నాడన్నమాట. రక్షణసాధనములు లేక మనుష్యులను మురుగుతొట్లలోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. చట్టము ఢిల్లీలో పుట్టినను దానిని పాటింపవలసినది మూత యెత్తించు యజమానియే. కూలి రెండింతలిచ్చెదనన్నంతమాత్రమున ఆ పాపము తొలగదు.

కావున కొన్ని నియమములు ప్రతి యింటివారును ఎఱుగవలెను. పాతర మూత తీసిన వెంటనే దిగరాదు. చాలసేపు తెఱచియుంచి, పంకాతో క్రొత్తగాలిని అడుగువఱకు పంపవలెను. దీపము దింపి చూచు పాత ఆచారమున సగమే సత్యమున్నది. దీపమాఱినచో దిగరాదనుట నిశ్చయము. దీపము వెలిగినచో దిగవచ్చుననుట నిశ్చయము కాదు. మురుగుతొట్టిలోనికి దీపము దింపనే రాదు. అందు మండు వాయువులుండి ప్రేలవచ్చును. దిగువాని నడుమునకు త్రాడు కట్టి, దాని కొస పైన ఇద్దఱు పట్టుకొనవలెను. వాడు పడినచో పైనుండియే లాగవలెను గాని వెనుక దిగరాదు. అగ్నిమాపకదళమునకు 101, వైద్యవాహనమునకు 108 వెంటనే పిలువవలెను.

ఛాందోగ్యమున ఇంద్రియములు ప్రాణమునకు తలవంచినవి. అది లేవబోయినప్పుడు గాని వానికి దాని విలువ తెలియలేదు. మనుష్యునకు అంతవఱకు ఆగనక్కఱలేదు. గుక్కెడు గాలి ఏ కణమున ఏ ద్వారమున ఖర్చగుచున్నదో తెలిసినవాడు పాతర యొడ్డున ఒక్క గడియ నిలుచును. ఆ ఒక్క గడియ నిలుచుటచేతనే ఒక ఇంట సాయంకాలము దీపము వెలుగును. ఆ యెఱుక చదువరుల ద్వారా చదువురానివారికిని చేరుగాక.